ఆ చక్రం ఎవరి బలంతో తిరుగుతోంది?

పిల్లలకు చక్రాల బండి కొందామని దుకాణానికి వెళ్తే అక్కడివాళ్లు మొదట అడిగేది వయసు, ఆ తర్వాత మన బడ్జెట్. మనం అడిగేది గ్యారంటీ, ఉంటే ఇంకో రంగు. ఈ నాలుగు మాటల్లో బేరం తెమిలిపోతుంది. తొమ్మిది నెలల పాపాయి వాకర్ నుంచి పదిహేనేళ్ల పిల్లాడి ఎలక్ట్రిక్ స్కూటర్ దాకా ఏది కొన్నా, వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆ చక్రం ఎవరి బలంతో తిరుగుతోంది? బండి ఒరిగిపోకుండా నిలబెడుతున్నది ఎవరు? బిడ్డ కాళ్లు, నడుము, చూపు కలిసి ఆ పని చేస్తుంటే అది కొనదగ్గ బండి. మోటారో, గుడ్డ సీటో, పక్క చక్రాలో చేసిపెడుతుంటే బిడ్డ ఆ బండి మీద బరువు మాత్రమే. వేల రూపాయలు పోసినా ఈ లోటు పూడదు. కొన్నిసార్లు పైసా ఖర్చు లేకుండానే పూడుతుంది కూడా.

చాలా ఇళ్లలో బిడ్డ ఎక్కే మొదటి బండి వాకర్. మన వడ్రంగులు తరతరాలుగా చేసిస్తున్న మూడు చక్రాల చెక్క నడక బండికి ఇది కొత్త రూపం అనుకుంటాం. పనిలో మాత్రం రెండూ పూర్తిగా వేరు. నడక బండి వెనక బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడాలి. అడ్డకర్ర పట్టుకుని తోస్తేనే అది కదులుతుంది. కాలు తడబడితే కూలబడుతుంది, మళ్లీ లేస్తుంది. వాకర్‌లో ఆ బిడ్డే గుడ్డ సీటులో వేలాడుతూ మునివేళ్లతో నేలను తన్నుతుంటుంది. ముందున్న ట్రే అడ్డమై తన పాదాలు తనకు కనిపించవు. పైగా కన్నుమూసి తెరిచేలోగా మీటరు దూరం జారిపోగలదు, పక్కనే ఉన్న పెద్దవాళ్ల చెయ్యి కూడా అందదు. అమెరికాలో 1990 నుంచి 2014 వరకు వాకర్ల వల్ల గాయపడి ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన 15 నెలల లోపు పిల్లలు 2 లక్షల 30 వేలకు పైగా ఉన్నారని 2018లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. నూటికి తొంభై మందికి దెబ్బ తగిలింది తలకో మెడకో. ఎక్కువమంది మెట్ల మీంచి పడ్డవారే. కెనడా 2004లోనే వాకర్ల అమ్మకాన్ని, దిగుమతిని, ప్రకటనలను సైతం నిషేధించింది. అయినా అందులో వేస్తే త్వరగా నడక వస్తుందన్న నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. 109 మంది పసివాళ్లను పరిశీలించి 1999లో ప్రచురించిన అమెరికన్ అధ్యయనంలో తేలింది దీనికి వ్యతిరేకం: వాకర్ వాడిన పిల్లలు కూర్చోవడం, పాకడం, నడవడం కూడా మిగతావాళ్లకంటే ఆలస్యంగా నేర్చుకున్నారు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం నిజాయితీ గలది. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే బిడ్డను ఎక్కడ ఉంచాలి? ఒంటి చేత్తో ఇల్లు నడిపే తల్లికి వాకర్ బొమ్మ కాదు, కాసేపు దొరికే ఊరట. ఆ అవసరాన్ని తీసిపారేయలేం. కానీ ఆ అవసరానికి కావాల్సింది చక్రాలు కాదు, హద్దు. నాలుగు వైపులా అడ్డుపెట్టిన చాప మీద రెండు గిన్నెలు, ఒక గరిటె ఇచ్చి వదిలితే బిడ్డ పాకుతుంది, బోర్లా పడుతుంది, అడ్డు పట్టుకుని లేచి నిలబడుతుంది. నడకకు ముందు ఒంటికి కావాల్సిన కసరత్తంతా అక్కడే జరిగిపోతుంది. ఇక నడక బండి కొంటే మరీ తేలికది వద్దు. తోయగానే ముందుకు ఉరికితే బిడ్డ ముఖం మీద పడుతుంది. చక్రాల మధ్య వెడల్పు బాగా ఉండి, కింద కాస్త బరువున్నది చూడాలి. మెట్లున్న వైపు మాత్రం ఏ బండినీ వదలకూడదు.

రెండు మూడేళ్లు వచ్చేసరికి పుట్టినరోజు కానుకగా బ్యాటరీ కారు దిగుతుంది. పెడల్ నొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది, పాటలు పాడుతుంది, రిమోట్ నాన్న చేతిలో ఉంటుంది. అంటే తిప్పేదీ ఆపేదీ కూడా చాలాసార్లు నాన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలి. ఆటవస్తువే బిడ్డను కూర్చోబెట్టేస్తే ఆ మూడు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? బ్యాటరీ, వైర్ల సంగతీ చిన్నది కాదు. 1998లో ఫిషర్-ప్రైస్ సంస్థ తన పవర్ వీల్స్ బండ్లను కోటి దాకా వెనక్కి పిలవాల్సి వచ్చింది, విద్యుత్ భాగాలు వేడెక్కి మంటలు రావడమే కారణం. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. ఎక్కి తిరిగే బొమ్మలూ బ్యాటరీ బొమ్మలూ ఆ నియమం కిందికే వస్తాయి. ముద్ర లేని బ్యాటరీ కారును ఎంత చవగ్గా ఇస్తామన్నా ఇంట్లో పెట్టుకోకూడదు.

పిల్లలకు ఆ కార్లంటే ప్రాణం కదా అంటారు. నిజమే, మొదటి వారం. కానీ ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది, అది నా వాదనను సరిదిద్దుతుంది కూడా. కాళ్లు సహకరించని పిల్లల సంగతేమిటి? అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో మొదలైన ‘గో బేబీ గో’ అనే కార్యక్రమం ఇవే బ్యాటరీ కార్లను తీసుకుని, పెడల్ బదులు చేత్తో నొక్కే పెద్ద బటన్, వీపుకు ఆసరా అమర్చి, నడవలేని పసివాళ్లకు ఇస్తోంది. ఎవరైనా ఎత్తుకుంటే తప్ప గది దాటలేని బిడ్డ మొదటిసారి తనంతట తాను తలుపు దాకా వెళ్తుంది. ఇక్కడ మోటారు బిడ్డ పనిని లాగేసుకోవడం లేదు, బిడ్డకు సాధ్యం కాని భాగాన్ని మాత్రమే తాను చేస్తోంది. ఎటు వెళ్లాలన్న నిర్ణయం, ఎక్కడ ఆగాలన్న తీర్పు బిడ్డవే. కాబట్టి మోటారు ఉందా లేదా అన్నది కొలత కాదు. బిడ్డ చేయగలిగిన పనిని బండి బిడ్డకు వదులుతోందా లేదా అన్నదే కొలత.

సైకిల్ దగ్గర ఈ కొలత అన్నిటికంటే బాగా పనికొస్తుంది. సైకిల్‌లో కష్టమైన భాగం తొక్కడం కాదు, నిలదొక్కుకోవడం. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపి చూపిన మొదటి రెండు చక్రాల బండికి పెడళ్లే లేవు. కూర్చుని కాళ్లతో నేలను తోస్తూ పోవడమే. పెడళ్లు వచ్చింది 1860లలో. ఇప్పుడు చిన్నపిల్లలకు బ్యాలెన్స్ బైక్ పేరుతో అమ్ముతున్నది డ్రైస్ బండినే. మనం మాత్రం దీన్ని తలకిందులు చేసి, మొదట తొక్కడం నేర్పి, బ్యాలెన్స్ పనిని పక్క చక్రాలకు అప్పగిస్తాం. రెండు చక్రాల బండి మలుపు తిరగాలంటే ఆ వైపుకు ఒరగాలి. పక్క చక్రాలు ఒరగనివ్వవు. అందుకని బిడ్డ ఆటో తిప్పినట్టు హ్యాండిల్‌ను మాత్రమే తిప్పడం అలవాటు చేసుకుంటుంది, ఒళ్లు ఎదుటి వైపుకు వాలుతుంది. ఆ చక్రాలు విప్పిన రోజున నేర్చుకున్నదంతా మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టాలి. 2022లో ప్రచురితమైన ఒక పోర్చుగల్ అధ్యయనంలో, బ్యాలెన్స్ బైక్ మీద మొదలుపెట్టినవాళ్లు సగటున నాలుగేళ్లు దాటగానే ఎవరి సాయమూ లేకుండా సైకిల్ తొక్కారు. పక్క చక్రాలతో మొదలుపెట్టినవాళ్లకు అది దాదాపు ఆరేళ్లకు వచ్చింది.

రెండేళ్లలో మూలపడే పెడళ్లు లేని బండికి అంత డబ్బా అని అడిగేవాళ్లకు నా జవాబు: కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్న చిన్న సైకిల్‌కు పక్క చక్రాలూ పెడళ్లూ విప్పించి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంత కిందికి సీటు దించితే అదే బ్యాలెన్స్ బైక్. సైకిల్ షాపులో నిమిషాల పని. ఇంట్లోనే విప్పేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఎడమ పెడల్ మరలు ఎదురు తిప్పుడువి, మామూలు వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. బిడ్డ కాళ్లు రెండూ పైకెత్తి కాస్త దూరం తేలిపోవడం మొదలుపెట్టాక పెడళ్లు తిరిగి బిగించవచ్చు. వెనకాల సీటు పట్టుకుని ఎవరూ పరుగెత్తే అవసరం ఉండదు.

సైజు విషయంలో మన పొదుపు మనకే నష్టం చేస్తుంది. ఎలాగూ ఎదుగుతాడు కదా, ఇంకో రెండేళ్లు వస్తుంది అని ఒక సైజు పెద్దది తీసుకుంటాం. ఆ రెండేళ్లే వాడు నేర్చుకోవాల్సిన ఏళ్లు. వెనకటి తరం పెద్దల సైకిల్ మీదే, కడ్డీ కింది సందులోంచి కాలు దూర్చి తొక్కి నేర్చుకోలేదా అని ఎవరైనా అడగవచ్చు. నేర్చుకున్నారు, ఇంట్లో వేరే సైకిల్ లేక. వాళ్ల వీధుల్లో ఇన్ని కార్లు లేవు, మోకాళ్ల మీద మచ్చలు మాత్రం ఉన్నాయి. అయిదేళ్ల బిడ్డ బరువు సుమారు 18 కిలోలు. పది కిలోల ఇనుప సైకిల్ వాడికిస్తే తన బరువులో సగానికి పైగా ఉన్నదాన్ని అదుపు చేయమన్నట్టే. 12, 14, 16, 20 అన్న చక్రాల అంగుళాలను బట్టి మాత్రమే కొనడం సరిపోదు. బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టి, తొడల మధ్య ఒక పుస్తకం పైకంటా పెట్టి, నేల నుంచి దాని పై అంచు దాకా కొలవాలి. సీటును పూర్తిగా దించినప్పుడు ఉండే ఎత్తు ఆ కొలతకంటే తక్కువగా ఉండాలి. తర్వాత బ్రేకు చూడాలి. బిడ్డ వేళ్లు బ్రేకును అందుకుని, నొక్కి, చక్రాన్ని ఆపగలుగుతున్నాయా అన్నది దుకాణంలోనే తేల్చుకోవాలి. చాలా చవక సైకిళ్లు ఓడిపోయేది ఈ పరీక్షలోనే. అక్కకు పొట్టయిన సైకిల్ తమ్ముడికి, ఆ తర్వాత పక్కింటికి వెళ్తే పొదుపూ ఉంటుంది, సైజూ కుదురుతుంది.

కాలితో తోసే స్కూటర్లు, స్కేట్లు నా కొలతకు నిలిచేవే. అన్నీ ఒంటి బలంతో, ఒంటి అదుపుతో నడుస్తాయి. పడినప్పుడు చెయ్యి ముందుకు చాపుతాం కాబట్టి స్కేట్లలో మొదట విరిగేది మణికట్టు. అందుకే మోకాలి చిప్పల తొడుగులకంటే ముందు మణికట్టు తొడుగులు కొనాలి. హోవర్‌బోర్డును నేను ఇంటికి తేనివ్వను. బ్యాటరీలు వేడెక్కి పేలుతున్నాయని 2016లో అమెరికాలో ఒకేసారి 5 లక్షలకు పైగా వెనక్కి పిలిచారు. హెల్మెట్ మీద మాత్రం బేరం లేదు. సైకిల్ ప్రమాదాల్లో తలకూ మెదడుకూ తగిలే గాయాలను హెల్మెట్ 63 నుంచి 88 శాతం వరకు తగ్గిస్తుందని వైద్య అధ్యయనాలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. కనుబొమల పైన రెండు వేళ్ల మందంలో కూర్చోవాలి, గడ్డం పట్టీ బిగించాలి. వెనక్కి జారిన హెల్మెట్ నుదుటిని కాపాడదు.

అసలు పోరు పద్నాలుగు, పదిహేనేళ్లకు మొదలవుతుంది. కాలేజీ దూరం, ట్యూషన్ ఇంకో వైపు, స్నేహితులంతా స్కూటీల మీద. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. ఇది తెలిసిన తల్లిదండ్రులు కొందరు 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగం మించని ఎలక్ట్రిక్ బండి వైపు చూస్తున్నారు. దానికి లైసెన్స్ అక్కర్లేదు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ లారీల పక్కన ఆ వేగం పెద్ద ఆసరా కాదు. వేగం పెంచే మార్పులు చేయిస్తే చట్టం ఇచ్చిన మినహాయింపూ పోతుంది. దూరానికి సైకిల్ చాలదన్న మాటకు బిహార్ జవాబు చెప్పింది. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్లివ్వడం మొదలుపెట్టింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ పరిశోధనలో ఆ వయసు అమ్మాయిల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగినట్టు, అబ్బాయిలతో ఉన్న తేడా 40 శాతం తగ్గినట్టు తేలింది. బడి మరీ దగ్గరలేని ఊళ్లలోనే ఫలితం ఎక్కువ. సొంత కాళ్లతో తొక్కే బండి ఒక తరం ఆడపిల్లలను చదువు దాకా చేర్చింది.

చివరి అభ్యంతరం, అన్నిటికంటే బరువైనది: తొక్కడానికి చోటేది? హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు, సోలార్ పలకల నీడతో సహా. మంచిదే. కానీ అక్కడికి పిల్లవాణ్ణి కారులో తీసుకెళ్లాలి. ఏడేళ్ల బిడ్డకు కావాల్సింది ఇంటి ముందు వీధి. సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా ఒక వీధిలోకి బండ్లు రాకుండా రెండు స్టూళ్లు అడ్డుపెట్టడం కాలనీ సంఘాలు, అపార్ట్‌మెంట్ కమిటీలు చేయగలిగిన పనే. పార్కింగ్ కోసం గంటలకొద్దీ సమావేశాలు పెట్టుకునే కమిటీలు పిల్లల చక్రాల కోసం ఒక్క తీర్మానం చేయలేకపోవడానికి కారణం లేదు. సైకిల్‌కు రసీదు తీసుకున్న వారమే ఆ వీధి కోసం కమిటీకి ఒక అర్జీ కూడా రాసి, పక్కింటి వాళ్ల సంతకం పెట్టించి ఇవ్వండి.