లారీ మెదడు నిజంగా చెడిపోయిందా?

బంగినపల్లి మామిడి పండ్లతో ఆంధ్ర నుంచి బయలుదేరిన లారీ ఒకటి ఢిల్లీలో ఆజాద్‌పూర్ మండీకి కొద్ది దూరంలో ఆగిపోయిందనుకుందాం. సెల్ఫ్ తిరుగుతోంది కాని ఇంజను అందుకోవడం లేదు. సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్ నుంచి వచ్చిన మెకానిక్ స్కానరు తగిలిస్తే, ఇంజను కంప్యూటరు పలకడం లేదని అది చూపిస్తుంది. "ఈసీఎం పోయింది, మార్చాలి" అనే మాట వెంటనే వినబడుతుంది. ఆ మాట నిజమైతే యజమానికి పెద్ద ఖర్చే. పొరపాటైతే నష్టం ఇంకా ఎక్కువ. కొత్త డబ్బా బిగించినా లారీ కదలదు, వెనుక పండ్లు మాత్రం మగ్గిపోతూనే ఉంటాయి. మరి ఈసీఎం చెడిందో లేదో తేల్చుకోవడం ఎలా?

ఈ డబ్బా చేసే పని

ఈసీఎం అంటే ఎలక్ట్రానిక్ కంట్రోల్ మాడ్యూల్. లోహపు డబ్బాలో అమర్చిన చిన్న కంప్యూటరు ఇది. పాత లారీలలో డీజిలును ఎప్పుడు, ఎంత చిమ్మాలో ఇంజనుతోపాటు తిరిగే పంపులోని యాంత్రిక భాగాలే నిర్ణయించేవి. 1995లో జపాను సంస్థ డెన్సో తయారుచేసిన కామన్ రైల్ విధానం హినో లారీలలోకి వచ్చింది. ఇందులో అధిక పీడనంతో ఉన్న డీజిలు ఒకే గొట్టంలో నిలువ ఉంటుంది. ఒక్కొక్క ఇంజెక్టరును ఏ క్షణాన తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో ఈసీఎం నిర్ణయిస్తుంది.

ఈ పని ఎంత వేగంగా జరగాలో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఆరు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక్కో సిలిండరులో రెండు చుట్లకు ఒకసారి డీజిలు మండుతుంది. అంటే నిమిషానికి 6000 సార్లు, సెకనుకు 100 సార్లు. ప్రతిసారీ డీజిలును రెండు మూడు విడతలుగా చిమ్మితే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

వాయు కాలుష్య నియమాలు కఠినమైన కొద్దీ ఈసీఎం లేనిదే లారీ నడవని స్థితి వచ్చింది. ఢిల్లీ ప్రాంతంలో 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 ప్రమాణాలు వచ్చాయి. 2018 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీలో బీఎస్-6 ఇంధనం అమ్మకం మొదలైంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా కొత్త వాహనాలకు బీఎస్-6 తప్పనిసరి అయింది. భారీ వాహనాల పొగలో నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి బీఎస్-4లో కిలోవాట్-గంటకు 3.5 గ్రాములు. బీఎస్-6లో, ఇంజను నిలకడగా నడిచే పరీక్షలో, అది 0.4 గ్రాములకు దిగింది. ఇందుకోసం పొగగొట్టంలో యూరియా ద్రావణాన్ని కొలిచి చిమ్మే బాధ్యత కూడా ఎలక్ట్రానిక్ నియంత్రణకే వచ్చింది.

ముందుగా అనుమానించవలసినవి

ఈసీఎంలో కదిలే భాగాలు లేవు. దుమ్ము, నీరు చేరకుండా దానిని మూసివేస్తారు. దానికి వచ్చే వైర్లు, కనెక్టర్లు మాత్రం వేడికి, అదురుకు, వాననీటికి, ఎలుకలకు దొరికిపోతాయి. కాబట్టి పరీక్ష డబ్బా బయట మొదలవ్వాలి.

మొదటిది కరెంటు సరఫరా. బ్యాటరీలు, ఫ్యూజులు, రిలే, ఎర్తు వైరు వరుసగా చూడాలి. ఇక్కడ మల్టీమీటరు ఒక్కటే మోసం చేయగలదు. తుప్పు పట్టిన వైరుకు 10 ఓముల నిరోధం ఉందనుకోండి. మీటరు దాదాపు కరెంటు తీసుకోదు కనుక అది నిక్షేపంగా 24 వోల్టులు చూపిస్తుంది. అదే వైరులో ఒక ఆంపియరు ప్రవహిస్తే 10 వోల్టులు వైరులోనే పోతాయి, ఈసీఎంకు 14 మాత్రమే మిగులుతాయి. అందుకే అనుభవజ్ఞులు ఈసీఎం కనెక్టరును ఊడదీసి, సరఫరా పిన్నుకు, ఎర్తు పిన్నుకు మధ్య 24 వోల్టుల 21 వాట్ల ఇండికేటరు బల్బు పెట్టి చూస్తారు. బల్బు పూర్తి కాంతితో వెలిగితే వైర్లు మంచివి. మసకగా వెలిగితే దోషం వైరింగులో ఉంది, ఈసీఎంలో కాదు.

రెండవది సమాచార మార్గం. లారీలోని కంప్యూటర్లు పెనవేసిన రెండు వైర్ల మీదుగా మాట్లాడుకుంటాయి. 1986లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ పరిచయం చేసిన ఈ పద్ధతిని క్యాన్ అంటారు. ఈ జంట వైర్ల రెండు కొసలలోనూ 120 ఓముల నిరోధం ఒక్కొక్కటి ఉంటుంది. అవి సమాంతరంగా ఉన్నందున బ్యాటరీ తీసేసి కొలిస్తే 60 ఓములు రావాలి. 120 వస్తే ఎక్కడో వైరు తెగింది, లేదా ఒక కొస నిరోధం పోయింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. అప్పుడు ఏ కంప్యూటరూ స్కానరుకు జవాబు చెప్పదు. ఈసీఎం బాగానే ఉన్నా చచ్చినట్టు కనబడుతుంది.

మూడవది 5 వోల్టుల సరఫరా. ఎన్నో సెన్సర్లకు ఈ వోల్టేజిని ఈసీఎం తానే పంపుతుంది. ఒక్క సెన్సరు లోపల షార్టయితే అదే వైరు మీదున్న సెన్సర్లన్నీ ఒకేసారి మూగబోతాయి. నాలుగైదు సెన్సర్లు ఒకే రోజున పాడవడం అరుదు. సెన్సర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ కొలవాలి. ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తాయో అదే దోషి.

కోడును ఎలా చదవాలి?

స్కానరు చూపే దోషపు కోడులో రెండు భాగాలుంటాయి. ఎస్‌పీఎన్ అనే సంఖ్య దోషం ఏ భాగానిదో, ఎఫ్‌ఎంఐ అనే సంఖ్య ఆ దోషం ఎటువంటిదో చెబుతాయి. ఉదాహరణకు ఎస్‌పీఎన్ 110 అంటే ఇంజను చల్లబరిచే నీటి ఉష్ణోగ్రత. ఎఫ్‌ఎంఐ 3 అయితే వోల్టేజి ఉండవలసినదానికన్న ఎక్కువ, 4 అయితే తక్కువ.

ఇక్కడ ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఎఫ్‌ఎంఐ 4 కనబడుతున్నప్పుడు రెండు వైర్ల ఉష్ణోగ్రత సెన్సరు ప్లగ్గును ఊడదీయండి. కోడు 3కు మారిందా? అయితే ఈసీఎం మార్పును గుర్తించగలుగుతోంది, వైర్లూ బాగున్నాయి. మార్చవలసింది సెన్సరును మాత్రమే.

లారీ నడుస్తూనే ఎత్తు ఎక్కలేకపోతుంటే యూరియా ట్యాంకును కూడా చూడాలి. బీఎస్-6 లారీలో ద్రావణం అయిపోయినా, నాణ్యత తగ్గినా ఈసీఎం కావాలనే ఇంజను శక్తిని తగ్గిస్తుంది. ఇది నియమం ప్రకారం జరిగే పనే గాని జబ్బు కాదు. దీనిని తప్పించడానికి దొంగ సంకేతాలు పంపే పరికరం తగిలించడం చట్టవిరుద్ధం. పైగా ఆ పొగ పీల్చేది మనమే.

మార్చక తప్పనప్పుడు

బల్బు నిండుగా వెలిగింది, క్యాన్ వైర్లు సరిగా ఉన్నాయి, సెన్సర్లన్నీ ఊడదీసినా 5 వోల్టులు రాలేదు, లేదా కనెక్టరు పిన్నుల మీదుగా నీరు డబ్బాలోకి చేరింది. అప్పుడు ఈసీఎంను నిందించవచ్చు.

కాని డబ్బాలు చూడడానికి ఒకే రకంగా ఉన్నంత మాత్రాన ఒకదాని బదులు ఇంకొకటి పనిచేయదు. ఈసీఎంలో ఆ ఇంజనుకు, ఆ చాసిస్ నంబరుకు తగిన సాఫ్ట్‌వేరు ఉండాలి. ఇంజెక్టర్లు ఒకదానికొకటి కొద్దిగా తేడాగా తయారవుతాయి. ఆ తేడాను తెలిపే కోడును ఇంజెక్టరు మీదే ముద్రిస్తారు. దానిని కొత్త ఈసీఎంలో నమోదు చేయాలి. లేకుంటే ఇంజను కొట్టుకుంటుంది, పొగ వస్తుంది. తాళపుచెవిని గుర్తుపట్టే రక్షణ ఉన్న లారీలలో ఆ పరిచయమూ చేయాలి. అందువల్ల పాత ఈసీఎం కొంచెమైనా పలుకుతుంటే ముందు అందులోని సమాచారాన్ని దాచుకోవాలి.

ఇంజను ఆపిన వెంటనే బ్యాటరీ తీయకూడదు. యూరియా పంపు తన గొట్టాలను ఖాళీ చేసుకోవడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. సాఫ్ట్‌వేరు ఎక్కిస్తున్నంతసేపు బ్యాటరీకి చార్జరు సాయం ఉండాలి. మధ్యలో వోల్టేజి పడిపోతే కొత్త డబ్బా కూడా పనికిరాకుండా పోవచ్చు. ఆపైన పాత కోడులు తుడిచి, లారీని రోడ్డుమీద నడిపి, మళ్లీ కోడులు చదివి చూస్తేనే పని పూర్తయినట్టు. ఇకముందు చాసిస్‌కు వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీని, ఈసీఎం కనెక్టర్లను తప్పక విడదీయించాలి.

"ఈసీఎం మార్చాలి" అని ఎవరైనా అంటే డబ్బు చెల్లించేముందు యజమాని మూడు ప్రశ్నలు అడగాలి. సరఫరాకు బల్బు పెట్టి చూశారా? క్యాన్ వైర్ల మధ్య ఎన్ని ఓములు వచ్చాయి? సెన్సర్లు ఊడదీసినప్పుడు 5 వోల్టులు వచ్చాయా? మంచి మెకానిక్ ఈ ప్రశ్నలకు కోపగించుకోడు, సంఖ్యలతో జవాబు చెబుతాడు.