ఖడ్గము చేతనుండగా శాంతి: జపాను ఆలయములలో సమురాయి సాధన



జూలూరుపాడు అడవులను దాటి భద్రాద్రికి చేరిన యాత్రికుడు అచట దర్శించునది శంఖచక్రములతోపాటు ధనుర్బాణములు ధరించిన శ్రీరామచంద్రుని. చేతిలో ఆయుధమున్నను స్వామి మనకు శాంతమూర్తిగానే గోచరించును. ఆయుధము పట్టినవానికి అంతశ్శాంతి ఎట్లు కలుగును? ఈ ప్రశ్ననే జపాను దేశపు యోధులు శతాబ్దములపాటు తమ ఆలయములలో విచారించిరి. వారే సమురాయిలు. వారి సాధన ఎట్టిదో, దానినుండి మనము గ్రహింపదగినదేమో నేడు తెలిసికొందము.

ముందుగా పేరు. సమురాయి యనగా యుద్ధము చేయువాడని పలువురి తలంపు. కాని ఆ పదమునకు మూలమైన జపాను క్రియకు దగ్గరనుండి సేవించుట యని అర్థము. సమురాయి యనగా సేవకుడన్నమాట. నేలకొండపల్లి కంచర్ల గోపన్న అధికారియైయుండియు రామదాసు అను పేరుతోనే ధన్యుడయ్యెను. దాస్యమే గౌరవమను భావము మనకు క్రొత్తది కాదు.

వారి ధ్యానమార్గము కూడ మనకు పరాయిది కాదు. మన ధ్యాన శబ్దమే చీనా దేశమున చాన్ అయి, జపానులో జెన్ అయ్యెను. మన కృష్ణాతీరముతో ముడిపడిన ఆచార్య నాగార్జునుని జెన్ శాఖలవారు తమ గురుపరంపరలో చేర్చి, ర్యూజు అను పేరుతో కొలుతురు. భారతదేశమునుండి వెడలిన బోధిసేనుడు 736లో జపాను చేరి, 752లో నారా నగరమందలి తోదాయిజీ ఆలయమున మహాబుద్ధ విగ్రహమునకు నేత్రోన్మీలనము గావించెను. నేలకొండపల్లి చెంత నేటికిని నిలిచియున్న బౌద్ధస్తూపమును చూచినవారికి ఈ బంధము సులభముగా బోధపడును.

చీనాలో అభ్యసించి వచ్చిన ఎయిసాయి అను ఆచార్యుడు 1202లో క్యోటోలో కెన్నిన్‌జీ ఆలయమును స్థాపించెను. కామకురా పాలకులైన యోధులు ఆయనను ఆదరించిరి. దినదినము మృత్యువును ఎదుర్కొనువారికి శాస్త్రపాండిత్యముకంటె స్థిరచిత్తము అవసరము. ఆ స్థిరత్వమును జెన్ సాధన వారికి నేర్పెను.

ఆ ఆలయములలో సాధన ఇట్లుండును. సాధకుడు గుండ్రని దిండుపై పద్మాసనమున వెన్ను నిటారుగా నిలిపి కూర్చుండును. కన్నులు పూర్తిగా మూయక అరమోడ్పుగా నుంచును. శ్వాసను ఒకటినుండి పదివరకు లెక్కించి, మరల ఒకటితో ప్రారంభించును. ఒక అగరువత్తి కాలునంతవరకు కదలరాదు. అది సుమారు 40 నిమిషములు. నిద్ర తూగినచో పర్యవేక్షకుడు బల్లపరుపు కర్రతో భుజముపై చరచును. అది దండన కాదు. కొట్టువాడును కొట్టించుకొనువాడును ఒకరికొకరు అంజలి ఘటింతురు. పిదప ప్రాంగణము ఊడ్చుట, వంటశాలలో పనిచేయుట, మౌనముగా భుజించుట, ఇవన్నియు ధ్యానములోని భాగములే.

మరికొన్ని ఆలయములలో అగ్నికార్యము జరుగును. దానిని వారు గోమా అందురు. అది మన హోమ శబ్దమే. 816లో కూకాయి అను మహనీయుడు నెలకొల్పిన కోయాసాన్ క్షేత్రమునందు ఈ ఆచారము నేటికిని కలదు. మన కుబేరుడైన వైశ్రవణుడు అచట బిషమోన్ అను పేరుతో యోధుల దైవమయ్యెను. 16వ శతాబ్దపు వీరుడు ఉయెసుగి కెన్షిన్ ఆ దేవుని నామములోని తొలి అక్షరమునే తన ధ్వజముపై నిలిపెను.

తకువాన్ (1573–1645) అను గురువు ఖడ్గవిద్యాచార్యుడైన యాగ్యూ మునెనోరికి చేసిన బోధ యొకటి కలదు. ప్రత్యర్థి కత్తిపై మనస్సు నిలిచినచో నీవు బందీవే. నీ కత్తిపై నిలిచినను బందీవే. ఎచటను చిక్కుకొనని మనస్సే అచలమని దాని సారాంశము. ఫలమునందు చిక్కుకొనక కర్తవ్యము నెరవేర్చుమని పార్థునకు పార్థసారథి చేసిన బోధ ఇచట మనకు స్ఫురింపక మానదు.

ఈ సాధన ఫలమునకు ఒక దృష్టాంతము చూడుడు. 1274, 1281 సంవత్సరములలో మంగోలు సేనలు జపానుపై దండెత్తగా, పాలకుడైన హోజో తోకిమునె వారిని ఎదిరించెను. పిదప 1282లో ఎంగాకుజీ ఆలయమును కట్టించెను. తనవారికొరకు మాత్రమే కాదు, మరణించిన శత్రుసైనికుల శాంతికొరకు కూడ! రావణుడు నేలకూలిన పిదప అతనికి అంత్యక్రియలు జరుపుమని విభీషణుని ఆదేశించిన రాముని వంశమున పుట్టిన ఆలోచన వలెనే యిది కనుపట్టును.

అయినను ఒక హెచ్చరిక. స్థిరచిత్తము ఒక్కటే ధర్మము కాజాలదు. 20వ శతాబ్దమున ఈ నిగ్రహమునే, ఈ విధేయతనే పరదేశములపై సాగిన యుద్ధములకు సాధనముగా వాడిరి. జెన్ ఆచార్యులు కొందరు దానిని సమర్థించిరి. అందులకు సోటో శాఖవారు 1992లో బహిరంగముగా పశ్చాత్తాపము ప్రకటించిరి. రావణుడు మాత్రము తపస్వి కాడా? ఏకాగ్రత కత్తి వంటిది, దానిని పట్టు చేతికి దయ కావలెను. మనము ఎవరిని సేవించుచున్నామో, ఎందులకు సేవించుచున్నామో విచారింపనిచో సేవయే అధర్మమగును.

1876లో జపాను ప్రభుత్వము సమురాయిలు బహిరంగముగా ఖడ్గము ధరించుటను నిషేధించెను. కత్తులు పోయినవి, ఆ ఆలయములలో ధ్యానము మాత్రము నిలిచినది. కావున భక్తులారా, ఆ దేశమునకు పోనక్కరలేదు. సాయంసంధ్యలో దీపము వెలిగించి, ఒక అగరువత్తి కాలునంతసేపు కదలక కూర్చుండుడు. శ్వాసకొక రామనామము జపింపుడు. పిదప లేచి ఆలయ ప్రాంగణమును ఊడ్వుడు. మీతో వైరము పూనినవాని క్షేమమును కూడ ఆ సమయమున కోరగలిగితిరేని, కోదండపాణి ముఖమందలి శాంతికి కారణము మీకే తెలియును.

శుభం భూయాత్.