కొబ్బరి మట్టే కారు... తాతయ్యే డ్రైవరు

అమలాపురం: కొబ్బరి తోటలో దింపు సాగుతోంది. కాయలు ఓ పక్క రాశి పోస్తున్నారు, మట్టలు మరో పక్కకు లాగుతున్నారు. ఎక్కడి నుంచి వచ్చాడో మూడేళ్ల బుడతడు గుబురుగా ఉన్న మట్ట ఒకటి చూసుకుని దాని మీద చతికిలబడతాడు. "తాతా, పోనీ!" అంటాడు. కాయల లెక్క చూసుకుంటున్న తాతగారికి అప్పుడు రెండే దారులు. "లేవరా, లాగు మాసిపోద్ది" అని కసరటం ఒకటి. మట్ట మొదలు పట్టుకుని తోట చివరి దాకా లాక్కుపోవటం రెండోది.

రెండో దారి పట్టే తాతయ్యలకు కోనసీమలో ఇప్పటికీ కొదవ లేదు. హారను నోటితోనే మోగుతుంది. మలుపులో మట్ట ఒరిగి మనవడు ఆకుల్లోకి దొర్లితే ఏడుస్తాడేమోనని తాత కంగారు పడతాడు. వాడు పకపకా నవ్వి "మళ్లీ" అంటాడు. రెండుసార్లు తిరిగేసరికి తాతకు ఆయాసం వస్తుంది. లెక్కా తప్పుతుంది. కాయలు ఎక్కడికీ పోవు, మళ్లీ లెక్కపెట్టుకోవచ్చు.

పసిపిల్లలతో ఆట ముహూర్తం చూసుకుని రాదు. చీపురు పట్టుకున్న అమ్మమ్మ వెనక దాక్కోవటం, చేటలో బియ్యం గుప్పెట పట్టి చల్లటం, నీళ్ల బిందెలో చెయ్యి పెట్టి తపతపలాడించటం... ఇవన్నీ పెద్దల కంటికి అల్లరి, పిల్లల లెక్కలో ఆటకు పిలుపు. ఆ పిలుపు వచ్చినప్పుడు అయిదు నిమిషాలు పని ఆపితే ఆట అయిపోతుంది. ఆదివారం తీరిగ్గా ఆడిద్దామనుకుంటే ఆదివారం వాడికి నిద్ర వస్తుంది.

గల్ఫ్‌లో అమ్మ, అరుగు మీద అమ్మమ్మ

కోనసీమలో ఈ ముచ్చటకు మరో కోణం ఉంది. ఉభయ గోదావరి ప్రాంతాల నుంచి ఆడవారు కువైట్ వంటి దేశాలకు ఇంటిపనికి వెళ్లటం ఏళ్ల తరబడి సాగుతోంది. రెండేళ్ల పిల్లను తల్లికో, అత్తగారికో అప్పగించి విమానమెక్కిన వారున్నారు. పిల్లను పెంచే బాధ్యత అరవై దాటిన అమ్మమ్మ మీద పడుతుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, గేదె, వంట అన్నీ ఉంటాయి. సెల్‌ఫోను చేతికిస్తే పిల్ల కదలకుండా కూర్చుంటుంది. బొమ్మలు చూస్తూ నోరు తెరిస్తే ముద్ద పెట్టెయ్యవచ్చు. అమ్మమ్మను తప్పు పట్టటానికి లేదు. కానీ ఆ పిల్ల ఏం తిన్నదో తనకే తెలియదు. మాట అన్న చోట మాట తిరిగి రాకపోతే పసివారికి మాటలు రావు. ఫోనులో బొమ్మ ఎంత చక్కగా మాట్లాడినా పిల్ల అడిగినదానికి బదులు చెప్పదు గదా.

ఏడాది లోపు పిల్లలకు తెర అసలు చూపవద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదని, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలించి ఆడాలని కూడా అన్నది. అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండిన పిల్లలకు. ఈలోగా ఆటయినా మాటయినా ఇంట్లోంచే రావాలి.

అదే ఫోను మరో పనికీ వస్తుంది. రాత్రి వీడియో కాల్‌లో అక్కడి తల్లి చున్నీ చాటున ముఖం దాచుకుని ఒక్కసారిగా "భౌ" అంటే ఇక్కడ పిల్ల కేరింతలు కొడుతుంది. ఈ భౌ ఆట చిన్నదేం కాదు. కంటికి కనపడని మనిషి కూడా ఎక్కడో ఉంటాడని, మళ్లీ వస్తాడని పసివారికి మెల్లమెల్లగా తెలిసేది ఏడాది లోపే. చెంచా కింద పడేసి, తీసి ఇస్తే మళ్లీ పడేసే పిల్లవాడు కూడా పొగరుతో చేయడు. పడితే చప్పుడవుతుందా, అమ్మ మళ్లీ తెచ్చి ఇస్తుందా అని చూసుకుంటాడు. పదోసారి విసుగు రావటం మాత్రం సహజమే.

ఆట వస్తువుల కోసం అమలాపురం బజారుకు పోనక్కరలేదు. ఈన తీసిన కొబ్బరాకును మడిచి మణికట్టుకు చుడితే వాచీ. అది ఎప్పుడూ పిల్ల చెప్పిన టైమే చూపిస్తుంది. ఆకును చుట్లుగా చుట్టి, వెడల్పు చేసుకుంటూ పోయి చివర ఈనెపుల్ల గుచ్చితే బూర. ముంజెలు తిన్నాక మిగిలిన రెండు కాయలకు అడ్డపుల్ల గుచ్చి పంగలకర్రతో తోస్తే బండి. అరటి దొప్ప పడవ. ఏమీ లేకపోతే వీపు ఉంది, ఉప్పుమూట ఆట ఉంది.

ఉప్పుమూట మోయటం ఆడవారి పని అనుకునే తండ్రులు ఊరూరా ఉన్నారు. నలుగురూ చూస్తుండగా గుర్రమై వంగితే పరువు పోతుందని వారి బెంగ. చెరువు గట్టున చీట్ల పేక ఆడితే పోని పరువు కొడుకుతో ఆడితే ఎలా పోతుందో వారే చెప్పాలి. ఇంకొందరు ఆడిస్తారు గానీ మధ్యలో బడి పెడతారు. "ఇది ఏ రంగు? ఇవి ఎన్ని?" అని అడగ్గానే పిల్ల లేచి వెళ్లిపోతుంది. కొబ్బరి పిందె లడ్డూ అని పిల్ల అంటే అది లడ్డూయే. తిన్నట్టు నటించి "ఆయ్, తీపి తక్కువైందండీ" అంటే మరో నాలుగు పిందెలు పళ్లెంలోకి వస్తాయి.

జాగ్రత్తలూ ఉన్నాయి. పసికందును పైకి ఎగరేసి పట్టుకోవటం, గట్టిగా కుదపటం వద్దు. మెడ నిలవని వయసులో కుదుపుకు మెదడు దెబ్బతింటుంది. చింతపిక్కలు, చిన్న పిందెలు మూడేళ్ల లోపు వారికి అందకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. ఈనెపుల్ల కొన కంటికి ప్రమాదం. బూర ఊదేటప్పుడు పెద్దవారు పక్కన కూర్చోవాలి.

జూన్‌లో కాలువలకు నీళ్లు వదులుతారు. ఎండిన కాలువలో మొదటి నీరు పాకుతూ వస్తుంటే దాని వెంట పరుగెత్తాలని పిల్లలకు ఉంటుంది, పెద్దలకూ ఉంటుంది. పరుగెత్తవచ్చు, గట్టు మీద, చెయ్యి పట్టుకుని. నీరు మోకాలి లోతే గదా అని చెయ్యి వదలకూడదు. మూడేళ్ల పిల్లకు ఆ లోతు చాలా ఎక్కువ.