ఏ కొత్తపేట?

కొత్తపేట యను పేరు తెలుగునాట ఒక్క యూరికే చెందినది కాదు. కోనసీమలో నొక కొత్తపేట కలదు; గుంటూరు నగరములో నొకటి, హైదరాబాదున దిల్‌సుఖ్‌నగరు చెంత మరియొకటి కలవు. కోనసీమ విద్యార్థి తన యూరి వృత్తాంతము తెలిసికొనగోరి కంప్యూటరులో ఆ పేరు వ్రాసినచో, తన యూరి పుటయే యెదుట నిలుచునని నమ్మరాదు.

2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా ఈ చిక్కునకొక యుపాయము కల్పించినది. ఒకే పేరు పలు విషయములకున్నచోట "అయోమయ నివృత్తి" అను పుట నుంచుదురు. ఏ యూరు ఏ జిల్లాదో యచ్చట చూచి పాఠకుడు తన దారి నెన్నుకొనును. పుట చిన్నదే; ఉపకారము పెద్దది. చేరుటకు దారిలేని విద్య యున్నను లేనట్లే కదా!

వెబ్‌సైటు నిర్మాణములోని కిటుకు కోనసీమవారికి క్రొత్త కాదు. ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చు నీరు, పెద్దకాలువగా సాగి, లొల్ల లాకులకడ శాఖలుగా చీలి, పిల్లకాలువలగుండ బోదెలకు చేరును. వెబ్‌సైటులో మొదటి పుట పెద్దకాలువ, విభాగములు శాఖలు, ఒక్కొక్క విషయమును తెలుపు పుట చేనికి చేరు బోదె.

అయినను భేద మొకటి కలదు. కాలువనీరు వెనుకకు మరలదు, పాఠకుడు మరలవలయును. అంతియేకాక, శోధన యంత్రముద్వారా వచ్చువాడు తలవాకిలి చూడకయే నట్టింట దిగును. కావున "ఇది యేచోటు? దేనిలోని భాగము? ఇక నెచ్చటికి పోవచ్చును?" అను మూడు ప్రశ్నలకు ప్రతి పుటయు బదులు చెప్పవలయును. శిరస్సున "మొదటి పుట – కోనసీమ జిల్లా – కొత్తపేట మండలము – పలివెల" అను పంక్తియున్న మొదటి రెండు ప్రశ్నలు తీరును. లంకెపై "ఇచ్చట నొక్కుడు" అనుటకంటె "పలివెల కొప్పేశ్వరాలయము" అని వ్రాసిన మూడవదియు తీరును.

దారులు మారుటయు కలదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా యైనప్పుడు కొత్తపేట తూర్పు గోదావరినుండి అందులో చేరినది. అట్టి మార్పు వచ్చినప్పుడు పుటను క్రొత్త విభాగమునకు చేర్చిన చాలదు. పాత చిరునామాతో వచ్చువానిని క్రొత్తచోటికి నడపవలయును. వికీపీడియాలో దీనిని "దారిమార్పు" అందురు. అది లేనిచో పాత పాఠములలో వ్రాసికొన్న లంకెలన్నియు మూసిన తలుపులే.

పాఠశాలకు వెబ్‌సైటు కట్టదలచిన ఉపాధ్యాయుడు కంప్యూటరు తెరచుటకు ముందు కొన్ని చీట్లు తీసికొనుట మేలు. పరీక్షల తేదీలు, గ్రంథాలయము, ఊరి చరిత్ర, ఆటలు – ఒక్కొక్క విషయము ఒక్కొక్క చీటిపై వ్రాసి, వానిని జట్లుగా కూర్చి పేర్లు పెట్టుమని విద్యార్థుల నడుగవలయును. పిమ్మట ఆ కూర్పు నెరుగని మరియొక విద్యార్థిని పిలిచి, "గ్రంథాలయపు వేళలు ఏ జట్టులో వెదకెదవు?" అని యడిగి చూడవలయును. అతడు తడబడినచో దోషము అతనిది కాదు, కూర్పుది. దారి చూపు పలకను వ్రాయువాడు ఊరెరిగినవాడే. అది కావలసినది మాత్రము ఊరెరుగనివానికి.