వార్తల్లో పదం: ఫిఫ్త్ వీల్
ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద కంటైనర్ ట్రైలర్లు కనబడుతూనే ఉంటాయి. ముందున్న ఇంజిన్ బండిని, వెనకున్న ట్రైలర్‌ను కలిపేదే ఫిఫ్త్ వీల్. పేరుకు అయిదో చక్రమే గానీ రోడ్డు మీద దొర్లదు. గుర్రబ్బండ్ల కాలంలో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి దాని మీద పడుకోబెట్టిన చక్రం నుంచి వచ్చిన పేరిది. ఇప్పుడది గ్రీజు పూసిన ఇనుప పళ్లెం. ట్రైలర్ కింద 2 అంగుళాల లావున్న కింగ్ పిన్ దాని గాడిలోకి జారగానే దవడలు బిగుసుకుంటాయి. అమెరికాలో పికప్ ట్రక్కు తొట్టిలోనూ దీన్ని బిగిస్తారు. అక్కడే వాడే గూస్‌నెక్ అనే మరో రకం జోడింపులో పిన్నుకు బదులు గుండు ఉంటుంది. ఏదైనా సరే, బరువు ఛాసిస్ మోయాలి, తొట్టి రేకు కాదు. డ్రైవరన్నలారా, కదిలే ముందు టార్చి వేసి దవడలు పిన్నును పట్టాయో లేదో కళ్లారా చూసుకోండి.