చికిత్స అయ్యాక ఏడాదికి...

గర్భాశయ ముఖద్వారంలో కణాలు మారుతున్నాయని చెప్పి డాక్టర్లు ఆ భాగాన్ని తీసేస్తారు. గండం గడిచిందనుకుని ఆస్పత్రి కాగితాలు బీరువాలో పెట్టేసే మహిళలు చాలామంది. ఆ కాగితాలు ఏడాది తిరిగేసరికి మళ్లీ బయటికి రావాలి.

ఈ మార్పులకు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. దీనికీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. వైరస్ సోకిన వారిలో ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో అది తనంతట తానే పోతుంది. ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తేనే ప్రమాదం. ఆ భాగాన్ని తీసేసే లీప్ లాంటి చికిత్స చెడిన కణాలను తీసేస్తుంది కానీ, చుట్టుపక్కల వైరస్ మిగిలిపోవచ్చు.

అందుకే చికిత్స జరిగిన 12 నెలలకు హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. అమెరికా నిపుణుల నియమం ఇంకా గట్టిది: ఆరు నెలలకు మొదటి పరీక్ష, తర్వాత ఏటా ఒకటి, వరుసగా మూడు నెగెటివ్ వచ్చాక మూడేళ్లకోసారి, కనీసం 25 ఏళ్లపాటు.

అన్నేళ్లు ఎందుకు? స్వీడన్‌లో తీవ్రస్థాయి మార్పులు బయటపడిన 1,32,493 మంది వివరాలను పరిశోధకులు పరిశీలించి 2007లో ప్రచురించారు. పాతికేళ్లు గడిచినా వారికి క్యాన్సర్ ముప్పు మిగతావారికన్నా ఎక్కువే ఉంది.

ఏ పరీక్ష అన్నదీ ముఖ్యమే. హైదరాబాద్ శివారు మేడ్చల్‌లో రెండు వేల మందికి పైగా మహిళలపై జరిపిన అధ్యయనం 2010లో వెలువడింది. ఆమ్ల ద్రావణం పూసి కంటితో చూసే పరీక్ష తీవ్రమైన మార్పుల్లో చాలావాటిని పట్టలేకపోయింది. హెచ్‌పీవీ పరీక్ష మెరుగ్గా పట్టింది.

గర్భసంచి తీయించేసుకుంటే పీడ వదిలిందన్న నమ్మకం మన పల్లెల్లో బలంగా ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఈ ఆపరేషన్ దేశంలోకెల్లా ఎక్కువగా జరిగింది ఆంధ్రప్రదేశ్‌లోనే, 8.9 శాతం. తీవ్రమైన కణాల మార్పు కారణంగా గర్భసంచి తీసినా యోనిలో మళ్లీ మార్పులు రావచ్చు. వారికీ పరీక్షలు తప్పవు.

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మహిళలకు పెద్దాస్పత్రులు మరీ దూరం కాదు. జిల్లా ఆస్పత్రి చిత్తూరులో ఉంది. తిరుపతిలో స్విమ్స్, 2022లో మొదలైన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆస్పత్రి, అటు వెల్లూరులో సీఎంసీ ఉన్నాయి. మామిడి సీజన్ పనుల్లో పడి తేదీ దాటిపోయినా ఆలస్యం అయిందని మానుకోవద్దు. బయాప్సీ రిపోర్టు వెంట తీసుకెళ్లండి, హెచ్‌పీవీ పరీక్ష ఎప్పుడో అడగండి, తర్వాతి తేదీ రాయించుకోండి. ఇంట్లోవాళ్లూ ఆ తేదీ గుర్తుపెట్టుకుని తోడు వెళ్లాలి.