ఇంటి మట్టి – ఇంటి మందు
(గంజాయి మొక్కను గురించి అడుగువారికి ఒక వైద్యుని సమాధానము)

"అయ్యా, గంజాయి ఆయుర్వేదములో చెప్పిన మొక్కయే కదా! రసాయనములు వేయక, ఇంట తయారుచేసిన మట్టిలో ఒక్క మొక్క పెంచుకొని మోకాళ్ల నొప్పికి వాడుకొనిన తప్పేమి?" అని నన్ను అడుగువారు సిద్దిపేటలో ఈమధ్య ఎక్కువైనారు. కొందరికి నిద్ర పట్టదు. కొందరికి కీళ్ల నొప్పులు. మరికొందరికి ఏమి తినినను అరగదు. కెనడాలో 2018 నుండి, జర్మనీలో 2024 నుండి పెద్దలు కొద్ది మొక్కలను ఇంట పెంచుకొనుటకు చట్టము అనుమతించినదని విదేశములలోని పిల్లల ద్వారా వినియున్నారు. అక్కడ లేని తప్పు ఇక్కడ ఎట్లు వచ్చినదని వారి సందేహము.

ఈ ప్రశ్నలో సగము మంచిది, సగము ప్రమాదకరమైనది. విషము లేని మట్టిలో, తన చేతితో మందు మొక్కను పెంచుకొనవలెనను కోరిక మంచిది. అందుకు గంజాయిని ఎన్నుకొనుట ప్రమాదకరము. కావున మొదట ఆ మొక్క సంగతి చెప్పి, తరువాత మట్టిని గురించి, అదే బాధలకు ఇంట నిర్భయముగా పెంచుకొనదగిన మూడు మొక్కలను గురించి వివరింతును.

శాస్త్రములో విజయ

గంజాయికి మన నిఘంటువులలో విజయ, భంగ, మాదిని అని పేర్లు కలవు. తిక్తరసము, ఉష్ణవీర్యము, తీక్ష్ణగుణము కలిగి, కఫమును హరించి, జఠరాగ్నిని పెంచి, మలమును గట్టిపరచునని భావప్రకాశ నిఘంటువు చెప్పినది. పిత్తమును పెంచునని, మోహమును, మదమును కలిగించునని కూడ అదే గ్రంథము చెప్పినది. మొదటి మాటను విని రెండవ మాటను విడిచిపెట్టుట మనవారి అలవాటు.

శార్ఙ్గధరుడు దీనిని నల్లమందుతో కలిపి 'వ్యవాయి' ద్రవ్యములకు ఉదాహరణముగా చూపినాడు. సాధారణమైన ఆహారౌషధములు మొదట జీర్ణమై తరువాత శరీరమంతట వ్యాపించును. వ్యవాయి ద్రవ్యము మొదట శరీరమంతట వ్యాపించి తరువాత జీర్ణమగును. అనగా మోతాదు తప్పినదని తెలియులోపల అది పని ముగించును. అందుచేతనే రసశాస్త్రకారులు విజయను ఉపవిషములలో చేర్చి, శోధన చేయనిదే వాడరాదని నియమించినారు. గ్రహణికి ఇచ్చు జాతీఫలాది చూర్ణము వంటి యోగములలో పడునది శోధించిన విజయయే కాని, పెరటిలో తెంపిన ఆకు కాదు. ఒకే విత్తనము నుండి వచ్చిన రెండు మొక్కలలో కూడ మత్తు గుణము సమానముగా ఉండదు. చిటికెడు పొడిలో ఎంత బలమున్నదో ఇంటివారు తెలుసుకొను మార్గము లేదు. యువకులకు, గర్భవతులకు, గుండె జబ్బు ఉన్నవారికి, మానసిక వ్యాధులున్న కుటుంబముల వారికి దీని వలన కలుగు హాని చిన్నది కాదు.

చట్టము మాట

1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము అనుమతి లేక గంజాయి మొక్కను పెంచుట నేరము. ఒక్క మొక్కయే కదా, కుండీలోనే కదా, మందు కొరకే కదా అను మాటలు అక్కడ చెల్లవు. ఈ నేరమునకు 20వ సెక్షన్ క్రింద పది సంవత్సరముల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. కొన్ని రాష్ట్రములు నార కొరకు, విత్తనము కొరకు మత్తు తక్కువైన రకమును సాగుచేయుటకు అనుమతి పత్రములు ఇచ్చుచున్నను, అది ఇంటి పెరటికి వర్తించదు. నొప్పి తగ్గించుకొనబోయి ముసలితనములో న్యాయస్థానముల మెట్లెక్కుట ఎవరికి మేలు?

విజయ చేరిన మందు నిజముగా అవసరమైనచో, అనుమతి కలిగిన ఔషధశాలలు తయారుచేసినవి వైద్యుని చీటీపై లభించును. క్యాన్సరు వంటి వ్యాధులలో నొప్పి భరింపరానిదైనచో ఎవరును ఓర్చుకొని కూర్చుండనవసరము లేదు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో నొప్పి నివారణ కొరకే ప్రత్యేక విభాగము కలదు.

మందుకు తల్లి మట్టి

గురుకులములో మా గురువుగారు మూలికను చూపుటకు ముందు అది మొలచిన నేలను చూపెడివారు. మట్టిని పిడికిట పట్టించి, వాసన చూపించి, ఆ తరువాతనే ఆకు తెంపనిచ్చెడివారు. దీనికి శాస్త్రాధారము కలదు. సుశ్రుతుడు సూత్రస్థానములో భూమి పరీక్షకు ఒక అధ్యాయమునే కేటాయించినాడు. గుంటలు, రాళ్లు, పుట్టలు, శ్మశానములు, చవుడు లేని చోట, నీటికి దగ్గరగా, మెత్తగా, సమముగా ఉన్న నేలలోని మూలికనే గ్రహింపుమన్నాడు. చరకుడును కల్పస్థానము మొదటి అధ్యాయములో ఇదే విషయమును చర్చించినాడు.

ఈ నియమమునకు నేటి కాలములో అర్థము మరింత పెరిగినది. మొక్క తన వేళ్లకు అందినదానినెల్ల పీల్చును. గంజాయి మట్టిలోని సీసము, కాడ్మియము వంటి లోహములను ఎక్కువగా పీల్చు మొక్కలలో ఒకటి. ఆకుకూరలకు, ఆకు మందులకు కూడ ఈ స్వభావము కొంత కలదు. కావున రోడ్డు ప్రక్క మట్టి, పాత బ్యాటరీలు పడవేసిన చోటి మట్టి, గోడ రంగులు గీకిన చోటి మట్టి మందు మొక్కకు పనికిరావు. మన జిల్లాలో పత్తి, మక్కజొన్న ఎక్కువ. వరుసగా పురుగుమందులు, గడ్డిమందులు కొట్టిన చేని మట్టిని కూడ తీసుకొనరాదు. బంజరు చెల్కలోని ఎర్రమట్టి, లేదా మురుగు కలవని చెరువులోని పూడిక మట్టి శ్రేష్ఠము. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కాలములో రైతులు చెరువుల పూడికను బండ్లకెత్తి పొలములకు తోలుకొనుట మనమందరము చూచినదే. ఆ మట్టి విలువ మన పెద్దలకు ఎప్పుడును తెలిసినదే.

మట్టిని తయారుచేయు విధానము

మన పట్టణములో తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేయుట ఇంటింట అలవాటైనది. ఆ తడి చెత్తలో కొంత ఇంటనే ఉంచుకొనిన చాలును.

అడుగున రంధ్రములున్న పాత గోలెమును నీడన ఇటుకలపై నిలుపవలెను. అడుగున నాలుగు వేళ్ల మందము ఎండుటాకులు పరచి, దానిపై కూరగాయల తొక్కలు, టీ పొడి, పూజకు వాడిన పూలు వేయవలెను. ఒక పిడికెడు తడి చెత్తకు రెండు పిడికిళ్ల ఎండుటాకులు చొప్పున వరుసలు పేర్చి, మధ్య మధ్య పాత పెంట ఎరువును పలుచగా చల్లవలెను. వండిన అన్నము, నూనె పదార్థములు, మాంసము, తెగులు పట్టిన ఆకులు, పూత పూసిన వయ్యారిభామ మొక్కలు వేయరాదు.

తడి ఎంత ఉండవలెనన్నచో, పిడికిట గట్టిగా పిండిన ఒకటి రెండు చుక్కలు రావలెను. ధారగా కారిన నీరు ఎక్కువైనట్లు, ముద్ద కట్టనిచో తక్కువైనట్లు గ్రహింపవలెను. దుర్వాసన వచ్చిన ఎండుటాకులు కలిపి తిరుగవేయవలెను. పదిహేను దినములకొకసారి క్రిందుమీదులు చేయుచుండిన మూడు నాలుగు మాసములలో అది నల్లబడి, తొలకరి వాన పడిన నేల వాసన వచ్చును. తొక్క తొక్కగా, ఆకు ఆకుగా కనబడక పోవుటయే పక్వమైన గుర్తు.

పచ్చి పేడను నేరుగా కుండీలో వేయుట చాలమంది చేయు పొరపాటు. అది వేడి పుట్టించి లేత వేళ్లను మాడ్చును. అందలి క్రిములు మనము లోనికి పుచ్చుకొను దుంపలకు అంటును. పేడ కనీసము నాలుగు మాసములు మాగి, వాసన పోయి, పొడిపొడిగా అయినదై ఉండవలెను.

మట్టిని వేసవిలోనే శుద్ధిచేసి ఉంచుకొనవలెను. ఎర్రమట్టిని జల్లించి, తడిపి, జానెడు మందమున పరచి, పలుచని తెల్ల ప్లాస్టిక్ కాగితము కప్పి, అంచులు మూసి, మే నెల ఎండలో నాలుగు వారములు ఉంచిన అందలి కలుపు విత్తనములు, తెగుళ్లు చాలవరకు నశించును. పిమ్మట ఎర్రమట్టి రెండు భాగములు, ఇంటి ఎరువు ఒక భాగము, వాగు ఇసుక ఒక భాగము కలిపి, పెద్ద కుండీకి రెండు పిడికిళ్ల వేపపిండి చేర్చవలెను. కట్టెల బూడిద చిటికెడు చాలును. ఎక్కువైన మట్టికి క్షారగుణము వచ్చును.

మొక్కలకు కూడ వాతపిత్తకఫములు కలవని చెప్పి, వాటికి చికిత్స వ్రాసిన సురపాలుని వృక్షాయుర్వేదమును ఇచట స్మరింపవలెను. ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయములో ఉన్న దాని ప్రతిని తెప్పించి, నళినీ సాధలేగారి ఆంగ్లానువాదముతో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రకటించినది. అందులో చెప్పిన కుణపజలము గొప్ప ఎరువే. అయితే అది మాంసాదులను కుళ్లబెట్టి చేయునది కనుక ఇళ్ల మధ్య, తినెడు మందు మొక్కలకు అది తగదు.

మూడు బాధలు – మూడు మొక్కలు

1. కీళ్ల నొప్పులకు వావిలి: వాగుల ఒడ్డున పెరుగు ఈ మొక్కను ఎరుగని పల్లె లేదు. బాలింతలకు వావిలాకు నీళ్ల స్నానము మన ఇండ్లలో తరతరాల ఆచారము. వానకాలములో వ్రేలి మందము కొమ్మను జానెడు పొడవున నరికి, పైన చెప్పిన మట్టిలో నాటిన నాటుకొనును. పెద్ద గోలెము కావలెను. ఆకులను నువ్వుల నూనెలో వెచ్చచేసి నొప్పి ఉన్నచోట కట్టవచ్చును. తైలము చేయదలచినవారు వావిలాకు ముద్ద 50 గ్రాములు, నువ్వుల నూనె 200 గ్రాములు, ఆకు రసము 800 మిల్లీలీటర్లు కలిపి సన్నని సెగపై తడి ఇంకిపోవువరకు కాచవలెను. ముద్దను వ్రేళ్ల మధ్య నలిపిన వత్తివలె రావలెను. నిప్పుపై వేసిన చిటపటలాడరాదు. దీనిని పైపూతకే వాడవలెను.

2. నిద్రలేమికి పెన్నేరు (అశ్వగంధ): దీనికి బలిసిన మట్టి తగదు. ఎరువు ఎక్కువైన ఆకు పెరుగును, వేరు పెరుగదు. కావున ఎరువు సగమునకు తగ్గించి, ఇసుక పెంచి, మూరెడు లోతైన కుండీలో ఆషాఢ శ్రావణములలో విత్తవలెను. నీరు నిలువరాదు. అయిదారు మాసములకు కాయలు ఎర్రబడి, ఆకులు ఎండుముఖము పట్టినపుడు వేరు త్రవ్వి, కడిగి, ముక్కలు చేసి ఆరబెట్టవలెను. పొడి 3 గ్రాములు ఒక గ్లాసు పాలు, ఒక గ్లాసు నీటిలో వేసి, పాలు మాత్రము మిగులునట్లు కాచి, రాత్రివేళ త్రాగవలెను. వేరునే వాడవలెను, ఆకును లోనికి తీసుకొనరాదు. గర్భవతులు, కాలేయ వ్యాధి ఉన్నవారు దీనిని వాడరాదు. థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడువారు వైద్యుని అడుగనిదే మొదలుపెట్టరాదు.

3. అజీర్ణ విరేచనములకు తుంగముస్త: పొలములో తుంగను పీకి పీకి విసుగెత్తని రైతు లేడు. దాని గడ్డయే ముస్త. అగ్నిని పెంచి మలమును గట్టిపరచుటలో విజయ చేయు పనిని ఇది మత్తు లేక చేయును. దీనికి తేమ కలిగిన బంకమట్టి ఇష్టము. పూడిక మట్టి సగము కలుపవచ్చును. పెరటిలో పాకి అంతటిని ఆక్రమించును కనుక వేరు కుండీలోనే పెంచవలెను. గడ్డలను త్రవ్వి, నూగు వేళ్లు కాల్చి, కడిగి ఎండబెట్టి, నలుగగొట్టిన పొడి 5 గ్రాములు రెండు గ్లాసుల నీటిలో అర గ్లాసు మిగులువరకు కాచి, వడగట్టి త్రాగవలెను. రక్తము పడినను, జ్వరము వచ్చినను, మూడు దినములలో తగ్గకపోయినను వైద్యుని వద్దకు పోవలెను. పసిపిల్లలకు ఇంటి వైద్యముతో కాలయాపన చేయరాదు.

పెంచుటలో గమనింపవలసినవి

బోరు నీటిలో ఉప్పు ఎక్కువైనచోట కుండీ అంచున తెల్లని పొర కట్టును. అట్టిచోట నెలకొకసారి వాన నీరు లేక మంచినీరు అడుగు నుండి కారువరకు పోసి మట్టిని కడుగవలెను. పురుగు పట్టిన వేపగింజల కషాయము చల్లవచ్చును. చల్లిన వారము వరకు ఆకు కోయరాదు. బజారులోని పురుగుమందు ఒక్కసారి చల్లినను అది మందు మొక్క కాదు. పేరు సందేహమున్న మొక్కను నాటకుడు, నాటినను వాడకుడు. బోడుప్పల్‌లోని సీమ్యాప్ పరిశోధన కేంద్రము ఔషధ మొక్కల పరిశోధనకే ఏర్పడినది. విత్తనము విషయమై అచట విచారింపవచ్చును.

గంజాయిని అడుగువారందరికిని నేను చెప్పు మాట ఇదియే. మీకు కావలసినది నొప్పి తగ్గుట, నిద్ర పట్టుట, తిన్నది అరుగుట. అందుకు చట్టమునకు వెరచి చాటున పెంచవలసిన మొక్క అక్కరలేదు. నలుగురు చూచునట్లు వాకిట పెట్టి, పొరుగువారికి కూడ ఒక కొమ్మ ఇయ్యగల మొక్కను పెంచుకొనుడు. ఎండుటాకులను తగులబెట్టక ఈ వారమే ఒక గోలెములో పేర్చుట మొదలిడుడు. తొలకరికి మట్టి సిద్ధముగా ఉండును.